బల్లంతా లేచి నిలబడేది

ఈ ఉదయం ఆఫీసు తలుపు తీయగానే చక్కెరకేళి పళ్ళ వాసన గుప్పుమంది. అల్లవరం నుంచి వచ్చే సహోద్యోగి ఒకావిడ మొన్న తెచ్చి మూలన పెట్టిన గెల చక్కగా ముగ్గింది. అలవాటుగా డైరీ తెరిచి తేదీ వేశాను గాని, మనసు మాత్రం 1979కి, మా ఇంగ్లీషు టీచరు సుగుణమ్మ గారి దగ్గరకు వెళ్ళిపోయింది.

అప్పుడు నేను అమలాపురంలో ఆడపిల్లల బడిలో ఎనిమిదో తరగతి. గుంపులను చెప్పే మాటల, అదే కలెక్టివ్ నౌన్ల, పాఠం రోజున ఆవిడ పుస్తకానికి బదులు, పండిన అరటిగెల తెచ్చి బల్లమీద పెట్టారు.

“పళ్ళు ఎన్నున్నాయర్రా?”

“చాలా ఉన్నాయండీ!”

“గెలలెన్ని?”

“ఒకటేనండీ!”

“ఆయ్, అంతే సంగతి. ఎన్ని పళ్ళున్నా గెల ఒకటే, ఇంగ్లీషులో బంచ్. ఆవులైతే హెర్డ్, గొర్రెలైతే ఫ్లాక్. ఇక మీ బల్ల కూడా ఒక గెలే. ఒకరు మాట తడుముకుంటే అందరూ లేచి నిలబడాలి. అందించకూడదు, నవ్వకూడదు; తోడుండాలంతే.”

పాఠం అయ్యాక గెల మా పొట్టల్లోకి వెళ్ళింది, పద్ధతి మాత్రం నిలిచిపోయింది. అందరికంటే ఎక్కువసార్లు మా బల్లే లేచేది, కారణం నేనే. జవాబు తెలిసినా నాకు నోరు పెగిలేది కాదు. “నీ మూలాన నా మోకాళ్ళు అరిగిపోతున్నాయే!” అని పక్కన కూర్చునే విజయ రోజూ దెప్పేది.

ఈ లేవడాలు, కూర్చోవడాలు హెడ్‌మిస్ట్రెస్ గారికి గిట్టలేదు. “తనిఖీకి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు. ఆయన ముందు పిల్లలు నోరు విప్పకపోతే, ఈ క్లాసు ఇంకొకరికి ఇచ్చేస్తానండీ” అని మా ఎదుటే అన్నారు. సుగుణమ్మ గారు “అలాగేనండీ” అని ఊరుకున్నారు. మాకు మాత్రం ఆవిడను వదులుకోవడం ఇష్టం లేదు.

ఇన్‌స్పెక్టరు గారు హెడ్‌మిస్ట్రెస్ గారితో కలిసి వచ్చి, సరిగ్గా నన్నే లేపారు. “తేనెటీగల గుంపును ఇంగ్లీషులో ఏమంటారమ్మా?”

మాట నాలుక చివరనే ఉంది, నాలుకే కదలలేదు. విజయ లేచింది. మా బల్ల లేచింది. ఆ రోజు ఏమనుకున్నారో, ముందు బల్లలూ వెనక బల్లలూ కూడా లేచాయి. కంగారులో ఇన్‌స్పెక్టరు గారూ కుర్చీలోంచి లేచేశారు.

“ఏమిటండీ ఇది, బెల్లు కొట్టేసేరా?”

“లేదండీ,” అన్నారు సుగుణమ్మ గారు నెమ్మదిగా. “ఆ అమ్మాయి చెప్పేదాకా వీళ్ళు కూర్చోరండీ.”

“తెలిసినవాళ్ళు చెప్పెయ్యొచ్చు కదా?”

“అలా చెప్పేస్తే ఆ పిల్ల ఒంటరిదైపోతుందండీ.”

హెడ్‌మిస్ట్రెస్ గారు చీరకొంగుతో నుదురు తుడుచుకున్నారు. విజయ పళ్ళ బిగువున గొణిగింది: “వేగిరం చెప్పవే తల్లీ, కాళ్ళు లాగేస్తన్నాయి!” నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మాటా బయటికొచ్చింది: “స్వార్మ్, సార్!”

“మరి నేను కూడా కూర్చోవచ్చాండీ?” అని ఇన్‌స్పెక్టరు గారు టీచరు గారిని అడిగారు. క్లాసంతా పకపకలాడింది. వెళ్తూ వెళ్తూ హెడ్‌మిస్ట్రెస్ గారితో, “ఈ క్లాసు ఈవిడ దగ్గరే ఉండనివ్వండి” అన్నారు. మేము పదో తరగతి దాటేవరకూ ఆవిడే మా ఇంగ్లీషు టీచరు.

ఈ మధ్యాహ్నం మా పైఅధికారి ఏదో అడిగితే, కొత్తగా చేరిన అమ్మాయి తడబడి కాగితాలు తిరగేస్తూ ఉండిపోయింది. జవాబు నాకు తెలుసు. చెప్పలేదు. కుర్చీ వెనక్కి జరిపి లేచాను. ఆ అమ్మాయి ఒకసారి నావైపు చూసి, ఊపిరి పీల్చుకుని, చెప్పడం మొదలుపెట్టింది. ఆ తరువాతే కూర్చున్నాను. విజయ అన్న మాట నిజమే, ఇన్నేళ్ళకు నా మోకాళ్ళూ అరిగాయి.