చెరొక ఓటు

డిగ్రీ పూర్తయి ఏడాది కావస్తున్నా ఉద్యోగం దొరకని రోజుల్లో రెండు వేల నాలుగు ఎన్నికలు వచ్చాయి. గోపాల్‌పేట దగ్గరి మా ఊళ్లో, మా ఇంటి మొత్తానికి డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అందువల్ల నేను ఖాళీగా ఉండడం నా ఒక్కడి విషయంగా ఉండేది కాదు. మా వేరుశనగ చేను పక్కగా నడిచిపోయే ప్రతివారూ దాని గురించి ఒక మాట అని వెళ్లేవారు. అటువంటి సమయంలో హైదరాబాదు నుంచి ఒక సర్వే సంస్థవారు వనపర్తికి వచ్చారు. ఓటు వేసి బయటికి వచ్చేవారిని అడిగి ఫలితాన్ని ముందే అంచనా కట్టే పనికి, అంటే ఎగ్జిట్ పోల్‌కు, డిగ్రీ చదివినవాళ్లు కావాలన్నారు. పని ఒక్కరోజుదే. కానీ శిక్షణ ఇచ్చిన పెద్దసారు మొదట్లోనే ఒక మాట చెప్పారు. లెక్కింపు అయ్యాక, ఎవరి అంచనా నిజానికి దగ్గరగా ఉంటే వారిని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతానికి సూపర్‌వైజరుగా, నెల జీతం మీద పెట్టుకుంటారు. ఒక్కరినే.

ఆ మాట వినగానే నేను పక్క వరుసలోకి చూశాను. అతను అక్కడే కూర్చుని ఉన్నాడు.

అతను కళాశాలలో నా సహాధ్యాయి. గద్వాలలో చీరలు నేసే ఇంటి నుంచి వచ్చాడు. మార్కుల్లో ఎప్పుడూ నాకంటే వెనకే. అయినా ఆ మూడేళ్లలో నేను అతన్ని చూసి అసూయపడని రోజు ఉన్నట్టు గుర్తు లేదు. హాస్టల్ వంటామె అతనికి అడగకుండానే మాడు అన్నం గీకి, కారం కలిపి ఇచ్చేది. బస్సు కండక్టరు టికెట్టు కొట్టడం ఆపి అతనితో ముచ్చట పెట్టేవాడు. నాతో ఎవరూ దురుసుగా ప్రవర్తించలేదు. మర్యాదగా, క్లుప్తంగా మాట్లాడి వెళ్లిపోయేవారు. ఆ మర్యాద నాకు గుచ్చుకునేది. అతనికి ఈ సంగతి తెలియదు. తెలిసి ఉంటే నవ్వి నా భుజం మీద చెయ్యి వేసేవాడు. అది నేను భరించలేకపోయేవాణ్ణి.

పోలింగు నాడు మా ఇద్దరినీ పెబ్బేరులో ఒకే బడి దగ్గర వేశారు. ఆ బడిలో రెండు పోలింగు కేంద్రాలు ఉన్నాయి, మాకు చెరొకటి. గేటుకు నియమం ప్రకారం దూరంగా, రోడ్డుకు ఈ పక్క నేను, ఆ పక్క అతను. ఇద్దరికీ ఒక్కొక్క అట్టడబ్బా, అభ్యర్థుల గుర్తులు అచ్చువేసిన కాగితాలు ఇచ్చారు. బయటికి వచ్చేవారిలో కొందరిని వరుస తప్పకుండా ఆపాలి. లోపల అసెంబ్లీకి ఏ గుర్తుకు ఓటు వేశారో అదే గుర్తు మీద టిక్కు పెట్టమని కాగితం ఇవ్వాలి. వారు దాన్ని మడిచి డబ్బాలో వేస్తారు. మేము తొంగి చూడకూడదు. పని అంతే.

నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో సంస్థవారి కార్డు తగిలించుకుని, శిక్షణలో నేర్పిన వాక్యాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పాను. "అమ్మా, దయచేసి మీ ఓటును ఈ పత్రంలో గుర్తించి పెట్టెలో వేయగలరు. మీ వివరాలు గోప్యంగా ఉంచబడతాయి."

"ఇంకోటి గూడ ఉన్నదా సారూ?" అని అడిగింది ఒకావిడ.

"ఉన్నదమ్మా, ఇది కూడా పూర్తి చేసి వెళ్లండి" అన్నాను.

ఒక ముసలాయన కాగితాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు. "గిది బాగున్నది. లోపల మిషను కుయ్యిమన్నది, గంతే. కాయితం లేకుండ ఓటు పడ్డట్టు ఎట్ల తెలుస్తది?" అన్నాడు. అంతకుముందు వారికి తెలిసినదంతా కాగితమూ, ముద్రా, పెట్టే. నా దగ్గర ఒక్కరు కూడా కాదనలేదు. డబ్బా బరువెక్కుతున్నకొద్దీ నా గుండె నిండింది.

అతను కార్డు జేబులో పెట్టుకుని సోడాబండి బల్ల మీద కూర్చుని, తన వైపు వచ్చిన ఇంకో ముసలాయనను ఆపాడు.

"పెద్దయ్యా, జర ఆగు. సంతల కోడెలు అమ్ముడువోయినయా?"

"యాడ పోయినయ్? వచ్చినోడల్లా నోరు తెరిచి పండ్లు చూసుడు, పోవుడు. నా పండ్లు గూడ చూస్తరేమో అనుకున్న."

"నీకు ఉంటే గద చూసెటందుకు. సరే గాని, ఇది ఓటు గాదే పెద్దయ్యా. ఓటు ఏసినవ్, అయిపోయింది. లోపల ఏది ఒత్తినవో గదే ఈడ గీకు. చెప్పబుద్ధి గాకుంటే పో, ఏమనుకోను."

"చెప్ప పో" అని ముసలాయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అట్లా చాలామంది వెళ్లిపోయారు. పోలింగు ముగిసేసరికి నా డబ్బా నిండింది, అతనిది సగం కూడా కాలేదు. పెద్దసారు నా డబ్బాను చేతిలో ఎత్తి చూసి, పని అంటే ఇట్లా చేయాలన్నారు. తిరుగు బస్సులో అతను కిటికీకి తల ఆనించి కునుకు తీస్తుంటే, సూపర్‌వైజరుగా నేను మొదట ఏ ఊరికి వెళ్లాలా అని ఆలోచించాను. ఆ ఒక్క ప్రయాణంలో నాకు అతని మీద అసూయ లేదు. కొంచెం జాలి కూడా కలిగింది.

లెక్కింపు నాడు జాలి పోయింది. దేశమంతటా టీవీలవారు చెప్పిన అంచనాలే ఆ ఏడాది తలకిందులయ్యాయి. మా పెబ్బేరు డబ్బాలను పెద్దసారు పోలింగు కేంద్రాల వారీ లెక్కతో సరిచూశారు. నా డబ్బా అధికారంలో ఉన్నవారిని గెలిపించింది. అదే కేంద్రంలోని యంత్రం వారిని ఓడించింది. రోడ్డుకు ఆ పక్కన అతని సగం డబ్బా, తన కేంద్రం యంత్రంతో దాదాపు సరిపోయింది.

"మీకు అందరూ జవాబిచ్చారు, కానీ ఏం జవాబిచ్చారు?" అని పెద్దసారు నన్నే అడిగారు. అయినా ఇంకా ఎవరినీ ఖాయం చేయలేదన్నారు. "చాలా డబ్బాలు ఒకే వైపు తప్పాయి. అబద్ధమైతే రెండు వైపులా ఉండాలి గదా. కారణం ఎవరు పట్టుకొస్తే ఉద్యోగం వారిదే."

నేను ఇంటికి వెళ్లాను. అమ్మ పందిరి కింద చింతపండు గింజలు తీస్తున్నది. ఉద్యోగం చేజారుతున్నదని చెప్పాను. తను చేతిలోని పని ఆపకుండా విన్నది.

"మనూరికి గూడ ఒక పిల్లగాడు డబ్బ పట్టుకొని వచ్చె. నేను గూడ ఏస్తి" అన్నది.

"ఎవరికి వేశావు?"

"ఇద్దరికి."

"ఇద్దరికీ ఎట్లా వేస్తావమ్మా?"

"లోపల మిషన్ల ఒగరికి, బయట డబ్బల ఒగరికి. ఇద్దరు ఇంటికొచ్చి దండం పెట్టి పోయిరి. ఎమ్మెల్యేకు ఎప్పుడైనా ఒకటే ఓటుండె, ఎవరో ఒకర్ని చిన్నబుచ్చాల్సి వచ్చె. ఈసారి రెండిచ్చిరి. చెరొకటి ఏసిన. తప్పా?"

నాకు పెబ్బేరు గేటు కళ్లముందు కదిలింది. నేను కాగితం ఇచ్చినవారిలో ఎందరు దాన్ని రెండో ఓటు అనుకున్నారో, ఎందరు ఇంటికి వచ్చిన ఇద్దరికీ న్యాయం చేశామని నెమ్మదిగా వెళ్లిపోయారో! కారణం దొరికింది, అదీ నా ఇంట్లోనే. ఇక ఒకటే తెలియాలి. యంత్రంలో ఎవరికి, డబ్బాలో ఎవరికి? అది తెలియకపోతే లెక్కను సరిదిద్దడం కుదరదు. జేబులోంచి పెన్ను తీశాను.

"లోపల ఎవరికి నొక్కావు? సరిగ్గా చెప్పు."

అమ్మ నా చేతి వైపు చూసింది. "పెన్ను తీస్తివి. ఇగ చెప్ప."

"నీ కొడుకునే గదమ్మా."

"కొడుకువే. లోపలిది లోపలనే ఉండాలె." చేట దగ్గరికి లాక్కుని మళ్లీ గింజలు తీయసాగింది. ఎంత బతిమాలినా అంతే.

మర్నాడు పెద్దసారు నాగర్‌కర్నూల్‌లో ఉన్నారని తెలిసి అక్కడికి వెళ్లి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. బాగుందన్నారు. మిగతా సగం కూడా తెలిస్తే పై ఆఫీసుకు రాస్తానన్నారు. అతనూ అక్కడే ఉన్నాడు.

"అమ్మతోని నేనొకసారి మాట్లాడనా?" అని నన్ను అడిగాడు. సారు ముందు కాదనలేకపోయాను.

అతను మా ఇంటికి వచ్చి, కుర్చీ వేస్తే కూర్చోలేదు. అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని చింతపండు ముందుకు లాక్కున్నాడు. ఓటు మాట ఎత్తలేదు. వాళ్ల అమ్మకు మగ్గం గుంటలో కూర్చుని కాళ్లు వాస్తున్నాయని చెప్పాడు. అమ్మ ఏదో పసరు మందు చెప్పింది. మా బోరు సంగతి అడిగాడు. నేను మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లి వచ్చేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు.

"మిషన్ల అవతలోళ్లకే ఒత్తిన బిడ్డా" అంటున్నది అమ్మ. "ఇప్పుడున్నోళ్లు కరెంటియ్యక చేను ఎండవెట్టిరి. గాని ఆ డబ్బ పిల్లగాడు చొక్క, గిక్క, మెడల బిళ్ల, సర్కారోళ్ల లెక్క ఉండె. ఇప్పుడున్నోళ్ల మనిషే అనుకున్న. మనూరిదాంక వచ్చినోన్ని ఒట్టిచేతులతో ఎట్ల పంపుత? గా కాయితం వాళ్లకేసిన."

"మరి కొడుకుకు చెప్పకపోతివి?"

"వాడు అడిగితే నాకు భయమైతది బిడ్డా. పెద్ద చదువు చదివినోడు."

నేను గుమ్మంలో గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. అతను తల ఎత్తి నన్ను చూసి, నవ్వు ఆపేశాడు.

వెళ్లేటప్పుడు, కారణం కనిపెట్టింది నేనేనని సారుకు చెప్తానన్నాడు. చెప్పాడు కూడా. ఉద్యోగం అతనికి వచ్చింది. అర్హుడికే వచ్చిందని అప్పుడే తెలుసు, అయినా దానివల్ల మనసు తేలికపడలేదు. ఎగ్జిట్ పోల్‌ను నమ్మవచ్చా అని ఆ తరువాత ఎవరు అడిగినా, అడిగినవాడు ఎవరో చూసుకోండి అనేవాణ్ణి. వారు దాన్ని శాస్త్రపరమైన మాటగా తీసుకునేవారు.

ఆ రోజు అతను బస్సెక్కి వెళ్లాక అమ్మ ఖాళీ గ్లాసులు కడుగుతూ, "మంచి పిల్లగాడు. మళ్ల ఎప్పుడొస్తడు?" అని అడిగింది.

తెలియదన్నాను.