వెయ్యి కిలోమీటర్లు కానీ

మా కారు ఇంజను భలే ఉండాది. సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా షెడ్డులో మెకానిక్కులు బానెట్టు ఎత్తి, చెవి పెట్టి విని, "కొత్తలో ఎవురో బాగా తోలినారు మేడం" అంటారు. వాళ్ళు నన్ను సంతోషపెట్టాలనే అంటారు, పాపం. నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండతాది. అవును, బాగానే తోలినారు. మా నాయన తోలినాడు. అంత బాగా తోలకుండా ఉంటే ఎంత బాగుండునో అని నేను ఇప్పటికీ అనుకుంటానే ఉంటా.

మా నాయన బంగారుపాళ్యంలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఓనరుకి డ్రైవరు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆయన పని మానుకునేదాకా అదే ఉద్యోగం. ఓనరే కాదు, ఆయన చుట్టాలూ తెలిసినోళ్ళూ ఎవురు కొత్త కారు కొన్నా, మొదటి వెయ్యి కిలోమీటర్లు మా నాయన చేతే తోలించేవాళ్ళు. దాన్ని రన్నింగ్ ఇన్ అంటారు. కొత్త ఇంజనులో లోపలి సామాన్లు ఒకదానికొకటి అలవాటు పడాల, అంతవరకూ దాన్ని తొందరపెట్టకూడదు. అరవై దాటకూడదు. అట్లని ఒకే స్పీడులో గంటలు గంటలు పోనూకూడదు. స్టార్టు చేస్తానే ఎక్సలేటరు తొక్కకూడదు, సడన్‌గా బ్రేకు కొట్టకూడదు, నిండా జనాన్ని ఎక్కించకూడదు, ఘాట్ రోడ్డు మాటే ఎత్తకూడదు. వెయ్యి అయినాక ఆయిలు మార్పించి, బండిని కడిగి తుడిచి, తాళాలు ఓనరు చేతిలో పెట్టేసి నాయన బస్సెక్కి ఇంటికి వచ్చేసేవాడు. ఆ దినం ఎవురితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు.

అన్ని కార్లు తోలిన మనిషి మా అమ్మను ఒక్కదాంట్లో కూడా ఎక్కించుకోలేదు. ఓనరు బండిలో మన ఇంటోళ్ళు కూర్చోకూడదని ఆయన లెక్క. ఖాళీగా వస్తా ఉన్నా సరే, బస్టాండులో నిలబడిన అమ్మను చూసి హారను కొట్టి పోయేవాడు. ఆమె చెయ్యి ఊపేది. నాకైతే రాయి తీసుకొని వెయ్యాలనిపించేది.

అమ్మకు గూడూరులో ఒక అక్క ఉండేది. నాకు పెద్దమ్మ. వాళ్ళది నిమ్మకాయల వ్యాపారం. ఇంటి ముందర ఎప్పుడూ గోనె మూటలు, ఇంట్లోకి అడుగుపెడితే నిమ్మకాయల వాసన. పెద్దమ్మ కూతురి పెండ్లికి అమ్మా నేనూ రెండు బస్సులు మారి పోయినాము. సంచులు మోసుకుంటా వాళ్ళ వీధిలోకి తిరిగినామో లేదో, పెద్దమ్మోళ్ళతో వ్యాపారం ఉండే ఓనరును తెల్లకారులో ఎక్కించుకొని నాయన అదే పెండ్లికి వచ్చినాడు. మా పక్కనే దుమ్ము లేపుకుంటా పోయి, పెద్దమ్మ వాకిట్లో ఆపి, దిగి, వెనక డోరు తీసి పట్టుకొని నిలబడినాడు.

పెద్దమ్మ ఓనరును ఆడనే వదిలేసి మాకు ఎదురొచ్చింది. అమ్మ చేతిలో సంచి లాక్కొని, "మొగుడు కార్లో, పెండ్లాం దుమ్ములో. భలే ఉండాదిమే మీ కాపరం!" అని పందిట్లో అందరూ వినేట్టు అనింది. నాయన వినపడనట్టు కారు అద్దం తుడుచుకున్నాడు. తరవాత అక్కాచెల్లెళ్ళిద్దరూ వంకాయలు తరుగుతా కూర్చున్నప్పుడు పెద్దమ్మ అమ్మ గడ్డం పట్టుకొని, "సూడుమే, ఎప్పుడైనా సరే, నీ సొంత కార్లో వచ్చి నా వాకిట్లో దిగాల. నేను హారతి పళ్ళెం పట్టుకొని నిలబడాల" అనింది. అమ్మ నవ్వేసింది. కానీ ఆ మాట ఆమె మనసులో నాటుకొని పోయిందని నాకు శానా ఏండ్ల తరవాత గానీ తెలీలేదు.

నేను తిరుచానూరులో ఒక లాడ్జిలో మేనేజరుగా పని చేస్తా ఉండా. పెండ్లి చేసుకోలేదు. ఎందుకని అడగొద్దండి, అడిగినోళ్ళందరికీ జవాబు చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అమ్మ, నాయన నా దగ్గరే ఉంటారు. కొన్నేండ్ల కిందట నేను కారు కొన్నా. నాకు లైసెన్సు ఉండాది గానీ, ఊర్లో తప్ప హైవే మీద తోలే ధైర్యం లేదు. నాయన ఉండాడు కదా అనే కొన్నా. షోరూములో తాళాలు నాకు ఇస్తే నేను నాయన చేతిలో పెట్టినా. ఆయన రెండు చేతులతో తీసుకున్నాడు. ఇంటికి రాంగానే అమ్మ గూడూరుకు ఫోను చేసి, "అకా, వాకిట్లో ముగ్గెయ్యి, వస్తావుండా" అని చెప్పింది.

"యాడికి వచ్చేది? వెయ్యి కిలోమీటర్లు కానీ" అన్నాడు నాయన.

ఆడ మొదలైంది. కొత్త బండికి పూజ చేయించాల కదా. కొండకు పోదామంటే ఘాట్ ఎక్కించనన్నాడు. సరే, కాణిపాకం పోదామన్నాము. ముగ్గురం ఎక్కితే, టెంకాయలూ గుమ్మడికాయా పెడితే లోడు ఎక్కువైపోతాదన్నాడు! "కారు పాప పేరు మీద ఉండాది, పాప నాతో వస్తాది. నువ్వు బస్సులో వచ్చెయ్" అన్నాడు అమ్మతో. నమ్మండి నమ్మకపోండి, మా అమ్మ ఒళ్ళో బూడిద గుమ్మడికాయ పెట్టుకొని బస్సులో కాణిపాకం వచ్చింది. మాకంటే ముందే వచ్చి, నిమ్మకాయలు కూడా కొని పెట్టుకొని, గుడి ముందర మా కోసం చూస్తా నిలబడి ఉండాది. పూజారి హారతి ఇచ్చినాడు, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి ముందుకు పోనిచ్చినాము, అమ్మ మళ్ళా బస్సెక్కింది. నేను దారి పొడుగునా నాయనతో మాట్లాడలేదు. ఆయన అది గమనించనే లేదు. యాభైలో పోతా, కాసేపు నలభైకి దించుతా, మళ్ళా ఎక్కిస్తా, ఇంజను వినుకుంటా ఉన్నాడు.

పొద్దున్నే కాఫీ తాగినాక ఒక్కడే కారు తీసేవాడు. ఒక దినం రేణిగుంట, ఒక దినం చంద్రగిరి, ఒక దినం పుత్తూరు దాకా పోయి వెనక్కి. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యనీలేదు. నన్ను 'ఓనరమ్మా' అని ఎగతాళి చేసేవాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూళ్ళేదు. అందుకే నేనూ గట్టిగా అడ్డం పడలేదు, అదే నా బాధ.

ఇంత జాగ్రత్త అవసరమా అని షోరూములో మెకానిక్కును ఫోనులో అడిగినా. "ఇప్పటి బండ్లకు మరీ తొక్కకుండా ఉంటే చాలు మేడం, స్పీడు మారుస్తా హైవే మీద పోయి రండి, ఇంజనుకు ఇంకా మంచిదే" అన్నాడు. నాయనకు చెప్తే, "వానికేం తెల్సు" అని ఒక్క మాటతో తీసిపారేసినాడు.

పెద్దమ్మ దినామూ ఫోను చేసేది. "యాడికొచ్చిందిమే నీ కారు?" అని అడిగేది. అమ్మ మీటరు చూసొచ్చి మూడొందలనో నాలుగొందలనో చెప్పేది. "మీ ఆయన కారు తోల్తా ఉండాడా, బాలింతకు పథ్యం పెడతా ఉండాడా?" అని పెద్దమ్మ పకపకా నవ్వేది. నవ్వి నవ్వి ఆయాసపడేది. ఆ ఆయాసం మొదట్లో నవ్వు వల్లనే అనుకున్నాము. గుండె బలహీనంగా ఉండాదని డాక్టరు చెప్పినాడంట. ఆ సంగతి ఆమె మాకు చెప్పలేదు.

ఒక దినం ఫోనులో పెద్దమ్మ గొంతు వేరేగా ఉండాది. ఎగతాళి లేదు. "మే, నాకెందుకో నిన్ను చూడాలని ఉండాది. కారు పోతే పోనీలే, రైలెక్కి రా" అనింది. నేను పక్కనే ఉండా. అమ్మ ఒక్క క్షణం నాయన వైపు చూసింది. ఆయన పేపరు చదువుకుంటా ఉన్నాడు. "ఇంకెంత అకా, ఇంకొక్క వారం. కార్లోనే వస్తా. నువ్వు పళ్ళెం పట్టుకొని నిలబడు సూడు" అనింది అమ్మ. పెద్దమ్మ "సరేలేమే" అని పెట్టేసింది.

వారంలోనే వెయ్యి అయ్యింది. సర్వీసు అయ్యింది, ఆయిలు మార్చినారు. అమ్మ కొత్త చీర తీసి మంచం మీద పెట్టుకొని, పెద్దమ్మకని పూతరేకులు కూడా తెప్పించింది. నాయన బండిని తుడుస్తా, "ఆయిలు కొత్తది కదా. ఇంకో ఐదొందలు కానీ" అన్నాడు.

"ఎవురి కారు నాయనా ఇది? ఎవురికి అప్పజెప్పాలని ఇట్ట దాస్తా ఉండావు?" అని అరిచేసినా.

ఆయన తుడిచే గుడ్డ ఆపినాడు. నా పక్క చూడను కూడా చూళ్ళేదు. అప్పుడు నాకు అర్థమైంది. వెయ్యి కిలోమీటర్లు అయితే బండి ఆయన చేతిలో నుంచి పోతాది. జన్మంతా అట్లనే పోయింది. ఈ ఒక్కటైనా ఇంకొన్నాళ్ళు తన చేతిలో ఉండాలని ఆయనకు ఆశ. ఈ బండి యాడికీ పోదు నాయనా అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేకపోయినా. అమ్మ చీర మడిచి బీరువాలో పెట్టేసింది.

మూడో దినం పొద్దున పెద్దమ్మ కొడుకు, మా అన్న, ఫోను చేసినాడు. "అమ్మకు బాగలేదు. ఆస్పత్రిలో ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చిన్నమ్మను అడగతా ఉండాది, బిరీన రండి" అన్నాడు. నేను చెప్పేలోపలే నాయన తాళాలు తీసుకున్నాడు. అమ్మ కట్టుకున్న చీరతోనే వెనక సీట్లో కూర్చునింది. ఆ కార్లో ఆమె దూరం పోవడం అదే మొదలు.

రేణిగుంట దాటినాక నాయన తొక్కినాడు. ఎనభై, తొంభై, నూరు. శ్రీకాళహస్తి ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో తెలీలేదు. లారీలను ఒకదాని తరవాత ఒకటి దాటేస్తా ఉండాడు. ఇంజను కిక్కుమనలేదు. అమ్మ డోరు పిడి పట్టుకొని ముందరికే చూస్తా ఉండాది, పెదవులు మాత్రం కదలతా ఉండాయి. దేవుణ్ణి తలుచుకుంటా ఉండాదో, అక్కతో మాట్లాడతా ఉండాదో నాకు తెలీదు. నేను మాటిమాటికీ మీటరు చూస్తా ఉండా.

నాయుడుపేట దాటినాక మళ్ళా అన్న ఫోను. నేను "ఆ" అని మాత్రం అన్నా, ఫోను ఒళ్ళో పెట్టేసినా. ఎవురికీ చెప్పాల్సిన పని లేకపోయింది. నాయన నా మొహం చూసినాడు. ఆయన కాలు దానంతట అదే ఎక్సలేటరు మీద నుంచి లేచింది. బండి నూరు నుంచి ఎనభైకి, ఎనభై నుంచి అరవైకి వచ్చేసింది. వెనక లారీలు హారను కొట్టుకుంటా మమ్మల్ని దాటి పోతా ఉండాయి.

అమ్మ ఏడవలేదు. ముందుకు వంగి నాయన సీటు మీద చెయ్యి పెట్టింది. కోపం లేదు ఆమె గొంతులో. తెలీక అడిగినట్టే అడిగింది.

"ఏమయ్యా, మన కారు ఇంత బిరీన పోతాదా? పోతాదని నాకు చెప్పనేలేదే నువ్వు."