తువ్వాలు కింద గీసిన తీసివేత

దయ్యాలున్నాయంటే నేను నమ్మినవాణ్ణి కాదు. చిత్తూరు మామిడి మండీలో లెక్కలు చూస్తాను. కంప్యూటర్ పని ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. రుజువు లేని మాట నాకు రుచించదు.

మేమిద్దరమే అన్నదమ్ములం. తమ్ముడు పలమనేరు సంతలో ఆవుల దళారి. అక్కడ ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత అంకె.

మండీ లెక్కల కోసం నేను తెలుగులో ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారు చేస్తుండేవాణ్ణి. కూడిక, తీసివేత గుర్తులను అంకెల మధ్య పెట్టాను. ఏది ముందు చెయ్యాలో చెప్పడానికి బ్రాకెట్లు పెరిగిపోయాయి. తమ్ముడు చూసి నవ్వాడు.

"ఏందన్నా, ఒక్కో అంకెకు ఒక్కో దొడ్డి కట్టినావు? ముందు అంకెలు రెండూ సేతికియ్యి. ఆనక ఏం సెయ్యాల్నో సెప్పు. మా సంతలో గొడ్డుకైనా అర్థమయితాది."

అలాగే మార్చాను. గుర్తు చివరికి వెళ్లింది, బ్రాకెట్లు పోయాయి. ఐదు, మూడు, తీసివేత అని వేస్తే రెండు వస్తుంది.

తర్వాత వాడికి గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌తో మాట పోయింది. ఆసుపత్రిలో దుప్పటి కింద చేతులు కలిపి మాట్లాడుకునేవాళ్లం. మా భాషలోని గుర్తులకు సైగలు కూడా వాడే కల్పించాడు. వేళ్లు పెనవేస్తే కూడిక. అరచేతిలో గోటితో గీస్తే తీసివేత. ఇవి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియవు.

చివరి రోజు నా రెండు వేళ్లు పట్టుకున్నాడు. వదిలి, ఒక వేలు పట్టుకున్నాడు. గుర్తు కోసం చూశాను. అది రాకముందే చెయ్యి చల్లబడింది. ఏం చెప్పబోయాడో తెలియక నెలల తరబడి నలిగిపోయాను.

ఆ తర్వాత వాడి ఆవును అమ్మడానికి సంతకు వెళ్లాను. పట్టపగలు. వాడి జతగాడు మస్తాన్ బేరానికి ఎదురుగా నిలబడ్డాడు. తువ్వాలు కప్పి చెయ్యి చాచాను. కింద నా అరచేతిలో గోరు మెల్లగా గీసింది.

"ఇది నీకెవరు నేర్పినారు?" అన్నాను.

"ఏందన్నా నేర్పేది? నా సెయ్యి ఇంగా పెట్టనే లేదు. టీ అన్నా తాగనీ."

చూశాను. మస్తాన్ ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో ఆవు పలుపు ఉన్నాయి.

నరం అదిరిందనుకోవచ్చు. భ్రమ అనుకోవచ్చు. కానీ ఆ గీత మణికట్టు దగ్గర మొదలై వేళ్ల దాకా పోయింది, తమ్ముడు గీసినట్టే. ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

రెండు, ఒకటి, తీసివేత. మా భాషలో ఆ మాట ఇప్పుడు పూర్తయింది. కంప్యూటర్‌లో వేస్తే, ఇద్దరిలో ఎందరు మిగిలారో క్షణంలో జవాబొస్తుంది. నేనింకా వెయ్యలేదు.