నాలుగో మూల

ఈ మధ్య ఏ కాన్ఫరెన్స్‌కి వెళ్ళినా ఒక సంచీ, ఆ సంచీలో ఒక పెన్ను ఇస్తున్నారు. పెన్ను మీద కంపెనీ పేరు తళతళలాడుతుంది గానీ పెన్ను మాత్రం రాయదు. నోటితో ఊది, అరచేతుల మధ్య రుద్ది, బతిమాలితే ఒక అంగుళం గీసి మళ్ళీ మౌనవ్రతం పడుతుంది. ఆ రోజుల్లో పెన్నులు ఇలా ఉండేవి కావు. గీస్తే గీత పడేది, పడిన గీత పోయేది కాదు. ఈ రెండో సంగతి నాకు తెలిసినంత బాగా న్యూజెర్సీ రాష్ట్రంలో ఇంకెవరికైనా తెలుసునని నేననుకోను.

ఆ రోజుల్లో అంటే, నేను హెచ్-1 మీద కొత్తగా దిగి, పిస్కాటవేలో ఒక హంగేరీ ముసలావిడ ఇంటి మేడమీద వరంగల్ మిత్రుడొకడితో కలిసి అద్దెకుంటున్న రోజులు. ఆ ఇల్లు మాకు చూడగానే నచ్చడానికి కారణం, వరండాలో దండలు గుచ్చి వేలాడదీసిన ఎండుమిరపకాయలు. (దిష్టికి కట్టిందనుకున్నాం. కూరకట. మరీ మంచిదనుకున్నాం.) ఆవిడని అందరూ 'నేని' అనేవారు, వాళ్ళ భాషలో అత్తయ్యలాంటి పిలుపు. మేమూ అలాగే పిలిచాం. నేని శనివారాలు చర్చి కింది హాల్లో తమ ఊరి కుట్టుపని నేర్పేది. ఆ పనిలో కుట్టడం రెండో సగం. మొదటి సగం బట్ట మీద నీలం సిరాతో పువ్వులు వెయ్యడం. దాన్ని గియ్యడం అనకూడదట, రాయడం అనాలట. ఊరికి ఒకరిద్దరు ఆడవాళ్ళే రాసేవారు, మిగతా ఊరంతా వాళ్ళు రాసినదాని మీద కుట్టుకునేది. నేని వాళ్ళమ్మ అలా రాసేది, ఆవిడ తర్వాత నేని. మూసలు లేవు, నకళ్ళు లేవు, అంతా చేతిలోనే ఉంది. "కాగితం మీద ఒకటి వేసి దాచుకోవచ్చుగా నేనీ?" అని ఒకసారి తెలివిగా సలహా ఇచ్చాను. "కాగితాన్ని ఎవరు కుడతారు, ఇంజనీర్?" అంది. (మాటలు ఆవిడ ఇంగ్లీషులో అన్నవి, తెలుగు నాది. వెటకారం పూర్తిగా ఆవిడదే.)

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? మా ఇంట్లోనూ ఈ కళ ఉందనీ, మేము పిండితో నేల మీద రాస్తామనీ, అది మాకు పుట్టుకతో వస్తుందనీ కోసేశాను. నిజానికి ముగ్గులు వేసేది మా అక్క. ఆ కళలో నా పాత్ర వాటి మీంచి సైకిల్ తోలడం.

ఆ వసంతంలో చర్చి సంతకి క్లాసంతా కలిసి ఒక పెద్ద టేబుల్ క్లాత్ కుట్టాలని నేని నిర్ణయించింది. బట్ట వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో మగ్గం మీద నేసిన నారబట్ట, దేశం వదిలి వచ్చినప్పుడు పెట్టె అడుగున పెట్టి తెచ్చుకున్నది. అలాంటిది ఇంకొకటి లేదు. నాలుగు మూలలా నాలుగు రకాల గుత్తులు రాసింది. మూడు మూలలవి క్లాసుకి ఇదివరకు నేర్పినవే. నాలుగోది వాళ్ళమ్మ పువ్వు. "దీన్ని ఇన్నాళ్ళూ ఎవరికీ నేర్పలేదు, అందరూ ఇంకా చెయ్యి తిరగనివాళ్ళు. ఈసారి నేర్పేస్తాను. నేను పోతే ఇది రాసేవాళ్ళు లేరు," అంది, వాన పడేలా ఉందన్నంత మామూలుగా. శుక్రవారం సాయంత్రం, తన వంటింట్లో మర్నాటి క్లాసుకి ఏవో నూనె వంటలు వేగుతున్నాయనీ, బట్టకి మరకలంటుతాయనీ చెప్పి, దాన్ని మడిచి నా చేతికిచ్చింది. "పొద్దున్న కార్లో తీసుకెళ్దాం. అంతవరకు నీ గదిలో ఉంచు. రంగు చేతికంటుతుంది, జాగ్రత్త." మా గది శుభ్రత మీద ఆవిడకున్న నమ్మకం గురించి ఇక్కడ చర్చించను.

రంగు చేతికంటుతుంది. ఈ మాట తెలుగింట్లో పెరిగినవాడి చెవిన పడితే ఒకటే గుర్తొస్తుంది, ఉప్పునీళ్ళు. మా అమ్మ కొత్త చీరని ఉప్పు వేసిన బకెట్లో నానబెట్టకుండా ఒంటికి తాకనిచ్చేది కాదు, రంగు నిలుస్తుందని. పాపం పెద్దావిడకి ఈ చిట్కా తెలియదు కాబోలు, మనం చేసి పెడితే పొద్దున్నే ఎంత సంతోషిస్తుందో అనుకున్నాను. బకెట్లో నీళ్ళు పట్టాను. గుప్పెడు ఉప్పు వేశాను. అమ్మ ముందు ఒక మూల ముంచి చూసేది కాబట్టి నేనూ ఒక మూలే ముంచాను. (ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.) టీ తాగి వచ్చేసరికి నీళ్ళు లేత నీలం. మూల మాత్రం, ఏ పాపమూ ఎరగనట్టు, మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ఆ సిరా కుట్టడం అయ్యాక ఉతికితే పోవడానికే తయారైందట. ఈ సంగతి చంటిపిల్లలకి కూడా తెలుసుననుకుని నేని నాకు చెప్పలేదు.

అప్పుడే మా వరంగల్ వాడు ఆఫీస్ నించి వచ్చాడు. బకెట్ చూశాడు, బట్ట చూశాడు, నన్ను చూశాడు.

"ఏందిరా ఇది? పువ్వు యాడ పోయింది?"

"నీళ్ళలోకి."

"పోయి చెప్పురాదు! ముసలామె కొడ్తదా ఏంది?"

కొడుతుందంటే వెళ్ళేవాణ్ణే. పుట్టుకతో వచ్చిన కళాకారుణ్ణని చెప్పుకున్నాను కదా, ఆ మొహంతో మెట్లు దిగలేకపోయాను. హెయిర్ డ్రయ్యర్‌తో మూల ఆరబెట్టి, జేబులోంచి ఆఫీసు బాల్ పెన్ను తీశాను. పోయిన పువ్వు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటే, మధ్యలో గుండ్రంగా ఏదో, చుట్టూ బోలెడన్ని ఏవో అన్నంతవరకే గుర్తొచ్చింది. నా చేతికి వచ్చిన పువ్వు ఒక్కటే, శుక్రవారం నాడు అక్క వాకిట్లో వేసే పద్మం. చుక్కలు పెట్టాను, కలిపాను. మావాడు నవ్వు ఆపుకోలేక బల్లని కదిపేసరికి ఒక రేకు గారెలా ఉబ్బింది.

"మస్తుగుంది. సున్నం పెట్టి తాంబూలం చుట్టియ్యి ఇగ," అన్నాడు.

మర్నాడు హాల్లో నేని బట్ట పరిచింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ నాలుగో మూల కోసం మెడలు చాచారు. నేని వేలు తడి చేసుకుని పక్క మూలలోని ఆకు మీద రుద్దింది, గీత చెదిరింది. నా పద్మం మీద రుద్దింది, చెక్కు చెదరలేదు. మళ్ళీ గట్టిగా రుద్దింది.

"ఏం పెన్ను ఇది?"

"ఆఫీసు పెన్ను, నేనీ."

ఇక బకెట్టూ ఉప్పూ మా అమ్మా అన్నీ వరసగా బయటికొచ్చాయి. అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నిన్న సాయంత్రం కిందికొచ్చి చెప్పి ఉంటే పది నిమిషాల్లో మళ్ళీ రాసేదాన్ని," అంది. తిట్టినా బాగుండేది. ఒక సూది, ఎర్రదారం నా ముందుకి తోసింది. "ఇది పోదు కాబట్టి కప్పాలి. నువ్వే కప్పు."

అలా నేను ప్రతి శనివారం ఆ ఆడవాళ్ళ మధ్య కూర్చుని నా గీతలు నేనే కుట్టుకున్నాను. నెత్తురూ ఎర్రదే కాబట్టి దారంతో కలిసిపోయేది. "ఏం టైలరన్నా, ఇయ్యాల గూడ డ్యూటీయేనా?" అని మావాడు మేడమీంచి సాగనంపేవాడు. సంతలో టేబుల్ క్లాత్ ముందు ఒక పెద్దమనిషి ఆగి, నాలుగో మూల చూపించి, ఇది ఏ ప్రాంతపు పువ్వని అడిగాడు. క్లాసంతా నావైపు తిరిగింది. నేను నా బూట్లవైపు తిరిగాను.

"తూర్పుది," అంది నేని. మొహంలో ఒక్క గీత కదలలేదు. "బాగా తూర్పుది."

వాళ్ళమ్మ పువ్వుని ఆకులు రాలే కాలంలో ఇంకో బట్ట మీద రాసి నేర్పుతానంది. ఆకులు రాలకముందే ఆవిడ కుడిచేతికి పక్షవాతం వచ్చింది. ఎడమచేత్తో మిరపకాయలు గుచ్చేది గానీ సిరా ముట్టుకోలేదు. నేను పక్కనే కూర్చుని దారం అందించేవాణ్ణి. ఆ పువ్వు ఊసు ఇద్దరమూ ఎత్తేవాళ్ళం కాదు.

తర్వాత నాకు దూరంగా నోవై అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. అక్కడి మంచు తవ్వుతూ చాలా ఏళ్ళు గడిపి, మొన్నమొన్ననే పిస్కాటవే పక్కనున్న ఎడిసన్‌కి తిరిగొచ్చాం. నేని ఇప్పుడు లేదు. క్లాసు ఉంది. పోయిన శనివారం మా అమ్మాయిని చేర్పించడానికి తీసుకెళ్ళాను. అదే హాలు, కొత్త టీచరు. ఈవిడ నేని చివరి రోజుల్లో క్లాసులో చేరి నేర్చుకున్నదట, నన్నెరగదు. గోడ మీద అద్దం వెనక మా టేబుల్ క్లాత్. టీచరు ఒక్కొక్క మూలా చూపించి, చివరికి గొంతు తగ్గించి, ఇది చాలా అరుదైన తూర్పు పద్మం, ఇంకెక్కడా దొరకదు, అందుకే ముందు దీన్నే నేర్పుతాం అంది. పిల్లలంతా తలలు వంచి, నీలం సిరాతో, శ్రద్ధగా రాస్తున్నారు. అందరి పద్మాల్లోనూ ఒక రేకు గారెలా ఉబ్బి ఉంది. ఉబ్బు చాల్లేదని ఒక పిల్ల చేత చెరిపించి మళ్ళీ రాయిస్తోంది టీచరు.

చెప్పేద్దామని నోరు తెరిచాను. మెట్లు దిగలేకపోయిన ఆ కుర్రాడు నాలో ఇంకా పదిలంగా ఉన్నట్టున్నాడు. "చాలా బాగుంది," అన్నాను.

మా అమ్మాయి మాత్రం అద్దానికి ముక్కు ఆనించి నాలుగు మూలలూ చూసింది. తర్వాత హాలంతా వినబడేలా తెలుగులో అంది:

"డాడీ, త్రీ ఫ్లవర్స్ చాలా ప్రెట్టీగా ఉన్నాయ్. ఇదొక్కటే అగ్లీ. ఇది ఎవరు చేసాడు?"