గిన్నెలో మానిన గాయం

నాగులచవితినాడు మా అక్క చెప్పుల్లేకుండా పొలం గట్టు మీద పుట్టకు నడిచింది. కంకిపాడు దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళంతా అలాగే వెళ్తారు. ఏళ్ళ తరబడి షుగరుతో పాదం మొద్దుబారిపోయింది కాబట్టి మడమలో తుమ్మముల్లు దిగినా ఆవిడకు తెలియలేదు. పాలు పోసి, చలిమిడి పెట్టి, ఆనవాయితీగా పుట్టమన్ను చెవులకు రాసుకుంది. ఇంటికొచ్చాక రక్తం చూసి, ఆ మన్నే మడమకూ పట్టించింది.

నాకు కబురందేసరికి మడమ నల్లబడింది. విజయవాడ తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్పించాను.

పుట్టనూ పాలచెంబునూ హేతువాదిగా వేదికలెక్కి ఎండగట్టడమే నా జీవితం. ఆ వారం మాత్రం అక్కతో వాదించలేదు. సైన్సు పత్రికలు తిరగేశాను. రక్తపోటు మందుల్లో ఒక రకానికి దారి చూపింది పాము విషమే. ఇప్పుడు విషంలోంచి వేరుచేసిన కొన్ని ప్రొటీన్లను, గాజు గిన్నెలో పెంచిన చర్మకణాల మీద వేసి చూస్తున్నారు. ఆ కణాల పొర మీద గాయంలా గీసిన గీత త్వరగా పూడుకుంటోందట. మంచం పక్కన కూర్చుని అక్కకు చదివి వినిపించాను.

ఆవిడ పడీపడీ నవ్వింది. “ఒరేయ్ నాస్తికుడా! నే రాసుకుంది ఆ పాము ఇంటి మన్నే కదరా! మీ సైన్సోళ్ళు ఇప్పుడొచ్చారు, మేం ఎప్పుడో కనిపెట్టాం.”

“మన్నులో విషం ఉండదక్కా. ఉండేది క్రిములు.”

“సరే, మన్ను వద్దు. నువ్వు చదివిన ఆ మందే తెప్పించు.”

వరండాలో డాక్టరుగారిని ఆపి అడిగాను. ఎక్కడైనా దొరుకుతుందా? ప్రయోగానికైనా మా అక్కను తీసుకుంటారా?

“గిన్నెలో కణాలు వేరు, ఈ కాలు వేరు సార్. దీనికి రక్తమే అందట్లేదు. అది మందవ్వడానికి ఎన్నేళ్ళు పడుతుందో, అసలవుతుందో లేదో. మీరు చదువుకున్నవారు, మీకు నేను చెప్పాలా? రేపు మోకాలి కింద తీసేద్దామండీ.”

పుట్ట ఇచ్చిన హామీ అబద్ధం. గిన్నెలో జరిగింది నిజం. అక్క మడమకు రెండూ ఒక్కటే అయ్యాయి.

లోపలికెళ్ళి ఆపరేషన్ సంగతి చెప్పాను.

“అయితే నీ దేవుడూ పలకలేదన్నమాట,” అంది అక్క.

సైన్సు దేవుడు కాదని చెప్పబోయాను. అక్క కాలు ముడుచుకుని, పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసుకుంటోంది. పత్రిక మడిచి సంచిలో పెట్టేశాను.