సముద్రం వైపు పరదా

మా దీవిలోని వండూర్‌లో, సముద్రం ఒడ్డున ఉండే మా మావయ్య కట్టిన ముడినల్లా మళ్లీ లాగి చూసేవాడు. సునామీ తర్వాత లుంగీ ముడిని కూడా నమ్మడం మానేశాడు. ఆ నీళ్లు ముంచిన నేలలో ఉప్పు తగ్గాక, నాలుగు వైపులా ప్లాస్టిక్ పరదాలు బిగించి గ్రీన్‌హౌస్ కట్టాడు. లోపల టొమాటో మొక్కలు ఉడికిపోయాయి.

"మావయ్యా, ఇలా మూసేది చలి దేశాల్లో. ఎండకైతే వల చాలు. మన వానకి పైకప్పుంచి పక్కలు తెరవాలి. లేకపోతే మొక్కకి చారు కాస్తాది."

మూడు పరదాలు పైకి చుట్టాడు. సముద్రం వైపుది మాత్రం ముట్టుకోలేదు.

"అటేపు వద్దురా. సముందర్ కా క్యా భరోసా?"

"ప్లాస్టిక్‌ని చూసి ఆగిపోద్దేటి?"

మావయ్య నవ్వలేదు. అటువైపు మొక్కలు వాడుతూనే ఉన్నాయి.

ఒక పొద్దున్న వెళ్లేసరికి ఆ పరదా కూడా చుట్టేసి, సముద్రానికి ఎదురుగా కూర్చుని కలుపు తీస్తున్నాడు. ఒక్కో గడ్డి పరక పీకి, తలెత్తి అలల వైపు చూస్తున్నాడు.

"గాలి బాగుందిరా," అన్నాడు.

నాకో మంచి జోకు తట్టింది. దాన్ని మింగేసి, పక్కన కూర్చుని కలుపు తీశాను.