నా చోడి పొట్లాలకు జరిగిన పూజ

అప్పట్లో నా దగ్గర తెలివి తక్కువగానూ, లేబుళ్ళు ఎక్కువగానూ ఉండేవి. జెనెటిక్స్‌లో పరిశోధన చేసి తెచ్చుకునే మాస్టర్స్ డిగ్రీలో చేరాను. పరీక్షల ముందు బట్టీ పట్టి గట్టెక్కే వ్యవహారం కాదది. కొన్ని పాఠాలు చదవాలి, సెమినార్ ఇవ్వాలి, కమిటీ ముందు నిలబడాలి, చివరికి థీసిస్ రాసి, ఎవరికీ తెలియని సంగతి ఒక్కటైనా రుజువు చెయ్యాలి. సాలూరులో మా నాన్నకి ఇదంతా విడమరిచి చెబితే, "ఎవలికీ తెలీనిది నీకెలా తెలుస్తాదే గుంటా?" అన్నాడు. (ప్రశ్న సబబైనదే. నేనే పట్టించుకోలేదు.)

మా గైడు మేడమ్ అంటే డిపార్ట్‌మెంటంతా హడలు, నాకు మాత్రం భక్తి. ఆవిడ చెబితే డుంబ్రిగుడ అవతల ఒక కొండ ఊరికి వెళ్ళాను. ఆ ఊళ్ళో ఏ ఇంటి చోళ్ళు (మీరు రాగులంటారేమో) ఆ ఇంటి సొంత రకమని చూపించాలి, అదీ నా థీసిస్. ఇంటికో పొట్లం కట్టి, ఎవరిదో రాసి అంటించి, నేను దిగిన పెద్దమ్మ ఇంట్లో అటక మీద పెట్టాను. పెద్దమ్మంటే చుట్టం కాదు, ముక్కూ మొహం తెలియని పిల్లకి అడక్కుండానే అంబలి పోసిన మనిషి. "ఇవి నా ప్రాణం పెద్దమ్మా, జాగ్రత్త" అని చెప్పి, సెమినార్ ఇవ్వడానికి విశాఖపట్నం వెళ్ళాను. ఎందుకు ప్రాణమో చెప్పాలని నాకు తోచలేదు.

తిరిగొచ్చేసరికి అటక ఖాళీ. పెద్దమ్మ మొహమంతా నవ్వుతో ఒక బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. నిండా చోళ్ళు, పైన పసుపు. పక్కనే నా పొట్లాల కాగితాలు, లేబుళ్ళతో సహా శుభ్రంగా మడతపెట్టి ఉన్నాయి.

"ఏటి పెద్దమ్మా ఇది?"

"ఇత్తనాల పండగ సేసినాం కదేటి. ఇంటింటి ఇత్తనాలూ అమ్మోరి కాడ పోసి, కలిపి, మొక్కి, తలా కొంత తెచ్చుకుంటాం. నీయి మట్టుకు అటక మీద దిక్కు లేకండా ఉంటే నాకు పేనం ఒప్పలేదు. బేగి తీసికెళ్ళి కలిపీసినాను."

నేను ఏడ్చాను. ముక్కు కారేలా ఏడ్చాను. ఆవిడ ఆనందమనుకుని నా తల నిమిరింది.

సిగ్నల్ కోసం కాఫీ తోట పైకెక్కి మేడమ్‌కి ఫోన్ చేశాను. మళ్ళీ సేకరిద్దామన్నా ఊరి విత్తనమంతా కలిసిపోయిందనీ, నా డిగ్రీ పోయినట్టేననీ వెక్కుతూ చెప్పి, తిట్లకి సిద్ధపడి ఫోను చెవికి కాస్త ఎడంగా పెట్టుకున్నాను.

"ఏటేటా ఇలాగే కలుపుతారా?" అన్నారావిడ.

"తాతల నాటి నుంచీ అట మేడమ్."

"మరి నీ పొట్లాల్లో ముందు మాత్రం ఏముందనుకున్నావమ్మా?"

నేను ఎంతో నిష్ఠగా విడివిడిగా కట్టుకున్నవన్నీ ఎప్పుడో కలిసినవే! "ఇంటింటా తిండికి దాచుకున్న నిరుటి చోళ్ళుంటాయి, అవి అడిగి పట్టుకురా. కమిటీతో నేను మాట్లాడతాను, థీసిస్ పేరు మారుద్దాం" అన్నారు. చదువంటే ఇదీ అని ఆ తోటలో నిలబడి ఆవిడకి మనసులోనే దణ్ణం పెట్టాను.

ల్యాబులో డీఎన్ఏ చూస్తే మేడమ్ ఊహే నిజమైంది. ఏ ఇంటికీ సొంత రకమంటూ లేదు, ప్రతి ఇంట్లోనూ ఊరందరి రకాలూ ఉన్నాయి. ఒకరి చేను పాడైనా వాళ్ళ విత్తనం పక్కింట్లో బతికే ఉంటుంది. అంత అందమైన ఏర్పాటుని పండగలా చేసుకుంటున్న ఊరిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

వైవా గట్టెక్కాక మిఠాయి పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాను. పాసయ్యానని చెప్పి, ఎలా పాసయ్యానో వివరించబోతే, ఆవిడ మిఠాయి నోట్లో వేసుకుని చెయ్యి అడ్డంపెట్టింది.

"నాకు తెల్దేటి పాపా? అమ్మోరి కాడ పెట్టింది నేనే కదా. మరి పాసవ్వకండా ఎలగుంటావు?"

ఇప్పుడు నేనూ పిల్లలకి జెనెటిక్స్ చెబుతున్నాను. ఆవిడ మాట కాదనగలిగేటంత జెనెటిక్స్ మాత్రం నాకింకా రాలేదు.